అక్క వేలి మీద గాలం గీత

నా చిన్నప్పుడు, కర్నూలు ఇంకా రాజధానిగా ఉన్న రోజుల్లో, మా చిన్నాయనకు బందరులో ఉద్యోగమైంది. ఒక ఎండాకాలం ఆయన కూతురు, నాకంటే కాస్త పెద్దదైన అక్క, సెలవులకు కడప దగ్గరి మా ఊరికి వచ్చింది. బాగా నల్లబడి వచ్చింది. ఆ నలుపు చూసినా నాకు అసూయే. అది సముద్రం మీది ఎండ మరి.

చిన్నాయన ఆదివారాలు స్నేహితులతో కలిసి సరదాకు సముద్రంలో చేపలు పట్టేవాడట, అక్కనూ తీసుకుపోయేవాడట. మధ్యాహ్నాలు పంచలో అందరం విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తుంటే అక్క ఆ కబుర్లు చెప్పేది. ఒడ్డున నిలబడి అలల్లోకి గాలం విసరడం ఒక తీరట. ఏరు సముద్రంలో కలిసేచోట పండుగప్ప కోసం కాచుకోవడం ఇంకో తీరట. పడవ వెనక తాడు వదిలి వంజరం వెంట పోవడంలో ఉన్న సరదా దేంట్లోనూ లేదట. వింటున్నవాళ్ల చేతులు ఆగిపోయేవి. అక్క చూపుడువేలి మీద గాలం తాడు కోసిన సన్నటి గీత ఉండేది. పిల్లలందరూ దాన్ని తాకి చూసేవాళ్లు. నేను తాకలేదు. మా పెన్నలో ఆ నెలల్లో ఇసుక తప్ప ఏముంది? అక్క నోరు తెరిస్తే చాలు, లేచి గొడ్ల కొట్టం దగ్గరికి పోయి కూర్చునేదాన్ని.

ఒకరోజు మా జేజి, అంటే నాయన తల్లి, నన్ను పిలిచింది. తనకు చెవులు మందగించాయని, అక్క మాటలు అందడం లేదని చెప్పింది. "నువ్వు పోయి పక్కన కూచో మే. ఆ పాప ఏం చెప్తాండాదో విని, వచ్చి నా చెవిలో చెప్పు" అంది.

కాదనలేక వెళ్లాను. చేప పడితే ఎట్లుంటుందో జేజి అడగమందని తలొంచుకుని అడిగాను. అక్క దారం తెచ్చి ఒక కొస నా వేలికి చుట్టి, కళ్లు మూసుకోమంది. చిన్న చేపలు ఎర కొరకడం ఇట్లా అని గిల్లినట్టు లాగింది. పండుగప్ప ఒక్క గుంజు గుంజి, వదిలి, మళ్లీ గుంజింది. వంజరం వచ్చేసరికి దారం వేలి మీద చుర్రుమని జారిపోయింది. కూరకు కానప్పుడు పట్టడమెందుకని కూడా జేజి మాటగానే అడిగాను. ఏం పడుతుందో తెలియకుండా కూర్చోవడమే బాగుంటుందని అక్క చెప్పింది. నేను పరుగున పోయి జేజి వేలికి దారం చుట్టి, ఒక్కో చేపా లాగి చూపించాను.

సెలవులు అట్లాగే గడిచాయి. ఒక మధ్యాహ్నం నేను దొడ్లో చెల్లెలితో గుసగుసగా అన్న మాటకు జేజి ఇంట్లోంచి జవాబు చెప్పింది. వెళ్లి నిలదీశాను.

"నా చెవులకేం, బాగానే ఉండాయి. నీ కడుపుమంట చూళ్లేక పంపిస్తి" అంది. మళ్లీ తనే, "నాకూ కుళ్లుగానే ఉండాది మే. నేనింక సముద్రం యాడ చూస్తా? అక్కడ కూచుని వినను మనసొప్పక నీచేత చెప్పించుకుంటి" అంది.

పెద్దవాళ్లకు అసూయ ఉంటుందని నేను అప్పటిదాకా అనుకోలేదు. అక్క బందరు బయల్దేరిన పొద్దున నాకు మళ్లీ కడుపు మండింది. ఆ మంట పోయిందని ఇవాళ్టికీ చెప్పలేను. నేను చూడనిది ఎవరైనా చూసి వచ్చారంటే ముందు లేచి దూరంగా పోవాలనిపిస్తుంది. పోను. పక్కనే కూర్చుని, ఎట్లుండిందో చెప్పమని అడుగుతాను.