ఎర్ర తాడు లాగిన చేయి

పాత మహబూబ్‌నగర్ జిల్లా విడిపోయి వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వేరువేరు జిల్లాలైన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను వనపర్తి ప్రాంతంలోని ఒక పాలిటెక్నిక్‌కు బదిలీ చేశారు. మెకానికల్ విభాగంలో సీనియర్ లెక్చరర్ హోదా. పదవీ విరమణకు ఇంకా మూడేళ్ళుంది. చేరిన రోజే ప్రిన్సిపాల్ నాకు రెండు పనులు అప్పగించారు. ఒకటి, చివరి సంవత్సరం డిప్లొమా విద్యార్థులకు ఉత్పత్తి నిర్వహణ చెప్పడం. రెండోది, వారిని దగ్గరలోని ఏదైనా చిన్న పరిశ్రమకు తీసుకువెళ్ళి, అక్కడి ఒక సమస్యను వారిచేతనే పరిష్కరింపజేయడం.

ఉత్పత్తి నిర్వహణ అంటే, ఉన్న మనుషులతో, ఉన్న యంత్రాలతో, వృథా తగ్గించి, లోపం లేని సరుకు తయారుచేసే విద్య. స్టాప్‌వాచీతో ఒక్కో పనికి పట్టే కాలాన్ని కొలవడం, పనిముట్లను చేతికందే చోట పెట్టడం, అనవసరపు నడకను తగ్గించడం ఇందులో భాగాలు. వీటన్నిటికన్నా నాకు ఇష్టమైన పాఠం మరొకటి. కొన్ని జపాన్ కర్మాగారాల్లో పనివాళ్ళ తలల మీదుగా ఒక తాడు కట్టి ఉంటుంది. లోపం కనబడితే ఎవరైనా, ఎంత చిన్న కూలీ అయినా, ఆ తాడు లాగవచ్చు. లాగితే వరుస మొత్తం ఆగుతుంది. కారణం దొరికాకే మళ్ళీ నడుస్తుంది. తప్పును ముందుకు పంపకూడదన్నది సూత్రం.

నేను క్రైస్తవ సంఘంలో పుట్టి పెరిగినవాణ్ని. రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభువు బల్ల దగ్గరకు రాకముందు ఎవరికి వారు తమను పరీక్షించుకుని, ఒప్పుకోవలసింది ఒప్పుకోవాలని సండే స్కూల్లోనే నేర్పారు. తరువాత చాలా ఏళ్ళు నేనూ పిల్లలకు అదే నేర్పాను. అందుకే హైదరాబాద్‌లో ఒక శిక్షణలో ఈ తాడు గురించి మొదటిసారి విన్నప్పుడు ఒళ్ళు పులకరించింది. ఆరాధనలో మేము చేసేదాన్నే ఎవరో కర్మాగారం కప్పుకు కట్టారనిపించింది. ఆ పాఠం నాకు బాగా తెలుసునని అనుకున్నాను.

మాకు దొరికిన పరిశ్రమ పెబ్బేరు నుంచి బీచుపల్లి వెళ్ళే దారిలో, హైవేకు కాస్త లోపలగా ఉన్న ఒక రేకుల షెడ్డు. అక్కడ డ్రిప్పు పైపులకు పెట్టే ప్లాస్టిక్ వాల్వులు బిగిస్తారు. భాగాలు నగరంలోని కంపెనీ నుంచి వస్తాయి. పన్నెండుమంది ఆడవాళ్ళు ఒకే వరుసలో కూర్చుని, వాల్వు పొట్టలో బంతిని పెట్టి, దానికి అటొకటి ఇటొకటి నల్లటి రబ్బరు ఉంగరాలు అమర్చి, మూత తిప్పి, పిడి బిగించి తమ తమ ట్రేలలో వేస్తారు. వరుస చివర నీళ్ళ తొట్టి. ప్రతి పది వాల్వుల్లో ఒకదాన్ని అందులో ముంచి గాలి కొడతారు. బుడగలు వస్తే అది కారే వాల్వు.

ఆ చేతుల వేగం చూసి మొదటి రోజు నా విద్యార్థులు స్టాప్‌వాచీ నొక్కడమే మరిచిపోయారు. ఆ పన్నెండుమందీ పూనా, బొంబాయి వెళ్ళి ఏళ్ళ తరబడి భవనాలు కట్టి తిరిగి వచ్చినవాళ్ళు. నెత్తిన కాంక్రీటు తట్టలు మోసిన మనుషులు చిటికెన వేలంత ఉంగరాలను చూడకుండానే ఏరుకుంటుంటే నేను కూడా నోరు తెరిచి నిలబడిపోయాను.

కానీ అప్పటికే రెండు లోడ్లు కంపెనీ నుంచి వెనక్కు వచ్చాయి. కొన్ని వాల్వుల్లో ఒక ఉంగరం లేదు. మూడోసారి వస్తే ఆర్డరు ఉండదని కంపెనీ అధికారి తేల్చి చెప్పాడు. ఆర్డరు పోతే షెడ్డు మూతపడుతుంది. ఆ పన్నెండుమందీ మళ్ళీ పూనా బస్సెక్కాలి. షెడ్డు యజమానిని అందరూ సేటు అనేవారు. కఠినుడు కాడు గానీ భయపడి ఉన్నాడు. ఎవరి ట్రేలో ఎక్కువ కారితే వాళ్ళను ఇంటికి పంపిస్తానని ప్రకటించాడు.

నా జట్టులో స్వరూప అనే అమ్మాయి ఉండేది. వీపనగండ్ల వైపు ఊరు. ఆమె తల్లి ఎల్లమ్మ ఆ వరుసలో ఏడో కుర్చీలో కూర్చునేది. కూతురు చదువు మధ్యలో తెగకూడదనే ఎల్లమ్మ పూనా మానేసి ఇక్కడ నిలిచింది. షెడ్డు పోతే మొదట వెళ్ళిపోవలసింది ఆమే.

మేము బల్లలు జరిపాం, డబ్బాలు దగ్గరకు తెచ్చాం, వరుస పొడవునా ఒక ఎర్ర తాడు కట్టి చివర గంట వేలాడదీశాం. తాడు ఎందుకో నేనే వివరించాను. మొదటి వారం గంట ఒక్కసారీ మోగలేదు. తొట్టి దగ్గర మాత్రం ప్రతి ట్రేలోనూ ఒకటో రెండో కారుతూనే ఉన్నాయి. లోపాలు అందరిలోనూ సమానంగా ఉంటే తప్పు మనిషిది కాదు, వచ్చే భాగాలదేనని మా శాస్త్రం చెబుతుంది. ఉంగరాలు సరిగ్గా లేకపోవడం వల్ల బిగించేటప్పుడు జారిపోతున్నాయని కంపెనీకి ఉత్తరం రాయించాను. పంపడానికి సిద్ధంగా బల్ల మీద పెట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నం స్వరూప నా గదికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, “సార్, ఆ ఉత్తరం జర ఆపుండ్రి” అంది.

ఆమె చేసిన పని విని కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. ముందురోజు పొద్దున, భాగాలు పంచకముందే, ఒక్కో కుర్చీకి వెళ్ళే వాల్వుల అడుగున గోళ్ళరంగుతో ఒక్కో రకం చుక్క పెట్టిందట. సాయంత్రం పదింటిలో ఒకటి కాకుండా, ఆ రోజు బిగించినవన్నీ తొట్టిలో ముంచిందట. కారినవి పన్నెండు ట్రేలలోనూ ఉన్నాయి. కానీ దాదాపు అన్నిటి అడుగునా ఒకే రకం చుక్క.

“ఎవరివి?” అని అడిగాను.

“మా అమ్మవి సార్.”

మిగతా పదకొండుమంది ఎల్లమ్మ ట్రేలోంచి రెండేసి మూడేసి తీసి తమ ట్రేలలో కలుపుకుంటున్నారు. పూనాలో వాళ్ళకు అలవాటైన పద్ధతి అది. అక్కడ మేస్త్రీ పనిని గుంపు మొత్తానికి కలిపి చూస్తాడు. ఒకరు వెనకబడితే పక్కవాళ్ళు ఆమె వంతు పంచుకుంటారు, ఎవరూ ఎవరి పేరూ చెప్పరు. ఆ పద్ధతే వాళ్ళను పరాయి ఊళ్ళో బతికించింది. ఇక్కడ అదే పద్ధతి లోపాన్ని దాచి, షెడ్డును మూతదాకా తెచ్చింది. నా శాస్త్రానికి ఆ ప్రేమ కనబడలేదు. సమానంగా పంచిన తప్పును చూసి అది ఎవరిదీ కాదనుకున్నాను.

ఏం చేయాలని స్వరూప అడగలేదు. “సేటుకు నేను చెప్ప సార్. అమ్మతోనే చెప్పిస్త” అని వెళ్ళిపోయింది. ఆ ఆదివారం ఆరాధనలో ఒప్పుకోలు సమయానికి అందరితోపాటు తల వంచాను. ఎప్పుడూ చెప్పే మాటలే. కానీ వాటిని పైకి అనేటప్పుడు నాకు భయం ఎందుకు వేయదని మొదటిసారి ఆలోచించాను. అక్కడ ఎవరూ నన్ను ఇంటికి పంపరు.

సోమవారం టీ వేళ అందరినీ కూర్చోబెట్టి, తాడు ఎందుకు లాగడం లేదని అడిగాను. మణెమ్మ అనే ఆమె నోటి దురుసుకు ఆ షెడ్డులో పేరు. గ్లాసు కింద పెట్టి, “తాడు గుంజితే గంట మోగుతది. మోగితే అందరు మెడలు తిప్పి సూస్తరు. గదేమన్న ఆంజనేయసామి గుడిగంటనా సార్, గుంజినోళ్ళకు పుణ్యం రానీకి?” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పుడు స్వరూప తల్లి వైపు తిరిగింది. “అమ్మా, పూనాల స్లాబు పోసేటప్పుడు తట్ట జారితే ఏం జేస్తుంటిరే?”

“ఏం జేస్తం? ‘ఆగు’ అని ఒర్లుతం. అందరం ఆడికాడ ఆగుతం.”

“ఎవరన్నరని అడుగుతరా?”

“ఎవరడుగుతరే? కింద మనిషి ఉంటడు గద.”

“ఈడ గూడ కింద మనిషి ఉన్నడు” అంది స్వరూప. “ఈ వాల్వు పోయేది మనసొంటోళ్ళ చేన్లకే. ఇది కారితే కొసకున్న మొక్కకు నీళ్ళందయి. ఎండినంక గని ఆ రైతుకు తెల్వదు.”

టీ అయిపోయింది. పని మళ్ళీ మొదలైంది. సేటు తొట్టి దగ్గర నిలబడి ఉన్నాడు. కాసేపటికి గంట మోగింది.

తాడు పట్టుకుని ఉన్నది ఎల్లమ్మ. గంట మోగాక కూడా వదలలేదు. “నాదే సేటూ. ఉంగరం పెట్టిన్నో లేదో నాకు కనబడ్తలేదు. నల్లదాంట్ల నల్లది. శానా దినాల సంది కనబడ్తలేదు” అంది.

మిగతా ఇరవైరెండు చేతులు ఒక్కసారిగా ఆగాయి. మణెమ్మ అన్నట్టు జరగలేదు, ఎవరూ మెడ తిప్పలేదు. మణెమ్మ కూడా బల్ల వైపే చూస్తూ, “నువ్వొక్కదానివే ఏంది వదినా? మొయ్యలే మేము?” అని తన ట్రేలో కలుపుకున్న ఎల్లమ్మ వాల్వులు తీసి ముందు పెట్టింది. ఒకరి తరువాత ఒకరు అందరూ పెట్టారు. సండే స్కూల్లో అంత కాలం చెప్పిన నేను, ఆ రేకుల కప్పు కింద చెప్పులు విప్పి నిలబడాలనిపించినంత భయభక్తులతో చూశాను. ఎల్లమ్మ ఒప్పుకున్నది క్షమిస్తామని ముందే చెప్పినవాళ్ళ ఎదుట కాదు. ఇంటికి పంపుతానన్న మనిషి ఎదుట.

సేటు దగ్గరకు వచ్చి ఆ వాల్వుల్లో ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. “ఇప్పుడేం జెయ్యాలె?” అని నన్ను కాదు, స్వరూపను అడిగాడు.

ఆమె ఒక వారం గడువు కోరింది. మరునాడు ఇంట్లో ఉన్న వామనగుంటల పలక పట్టుకొచ్చింది. చింతగింజలతో ఆడే, అటు ఏడు ఇటు ఏడు గుంటలున్న చెక్క పలక. ఒక్కో గుంటలో రెండేసి ఉంగరాలు పోసి తల్లి ముందు పెట్టింది. ఒక వాల్వుకు ఒక గుంట. వాల్వు బిగించాక ఆ గుంటలో వేలు పెట్టి చూడాలి. వేలికి ఉంగరం తగిలితే వాల్వులో అది లేనట్టే. కంటితో పని లేదు. తప్పు చేయడానికి వీల్లేకుండా, చేసినా వెంటనే తెలిసేలా పనిముట్టును అమర్చడాన్ని మేము తరగతిలో ఒక పెద్ద జపాన్ పేరుతో చెబుతాం. ఎల్లమ్మ దాన్ని చూసి, “ఆటకు పెట్టినవా, పనికి పెట్టినవా?” అంది గానీ చేతులు అప్పటికే మొదలుపెట్టాయి.

వారం రోజులు ఆమె వాల్వులన్నిటినీ తొట్టిలో ముంచాం. ఒక్కటీ కారలేదు. ఆ వారాంతానికి మిగతా పదకొండుమందీ తమకూ పలకలు కావాలన్నారు. కాలేజీ వడ్రంగి వర్క్‌షాపులో నా విద్యార్థులు వాటిని చేసిచ్చారు. గంట రోజుకు మూడు నాలుగుసార్లు మోగేది. మోగిన ప్రతిసారీ సేటు ఉలిక్కిపడేవాడు, తరువాత అలవాటుపడ్డాడు. మూడో లోడు వెళ్ళింది. వెనక్కు రాలేదు. పూనా బస్సు ఎవరూ ఎక్కలేదు.

ఆ చలికాలం జిల్లా దవాఖానలో ఎల్లమ్మకు కంటి ఆపరేషను అయింది. తరువాత నేను వెళ్ళినప్పుడు ఇంకా పలక మీదే పనిచేస్తోంది. చూపు వచ్చింది కదా, ఇంకా ఎందుకని అడిగాను. “కండ్లు బద్ధకం జేస్తయి సార్, వేళ్ళు జెయ్యవు” అంది.

ఆ తరువాత నేను పాఠం క్రమం మార్చాను. అంతకుముందు స్టాప్‌వాచీతో మొదలుపెట్టి తాడుతో ముగించేవాణ్ని. మిగిలిన ఏళ్ళలో ప్రతి జట్టునూ ఏ పరిశ్రమకు పంపినా మొదట ఒకే విషయం కనుక్కురమ్మన్నాను: అక్కడ తప్పు ఒప్పుకున్న మనిషికి ఏమవుతుంది? జవాబు తెలియనిదే కొలతలు మొదలుపెట్టనిచ్చేవాణ్ని కాదు. తప్పు చెప్పినవాళ్ళు మరునాడు అదే కుర్చీలో కూర్చోగలిగిన చోటే తొట్టిలోని బుడగలు నిజం చెబుతాయి. తాడు ఆ తరువాత కట్టవచ్చు.