ఎడమ వైపు వెనక డోరు

సోమలింగానికి నల్ల కార్లంటే ప్రాణం, వాటి యజమానులంటే ఒళ్ళు మంట. తెల్ల కారు ఎన్ని తప్పులైనా కడుపులో దాచుకుంటుంది. నల్లది అలా కాదు. దుమ్ము మీద పొడిబట్ట పెట్టి నాలుగు రోజులు రుద్దితే చాలు, ఎండ పడగానే ఒళ్ళంతా సాలెగూడులాంటి సన్నటి గీతలు తేలతాయి. అవి కనిపిస్తే ఎదుట ఎంత పెద్దమనిషి ఉన్నా సోమలింగం నోరు ఆగదు.

ఆ చూపు మగ్గం దగ్గర వచ్చింది. సిరిసిల్ల పక్క పల్లె నుంచి పదిహేడో ఏట సూరత్ వచ్చి, బమ్రోలిలో ఇరవై ఏళ్ళు మరమగ్గాలు నడిపాడు. తెగిన పోగును పది అడుగుల దూరం నుంచే పట్టేవాడు. ఒకసారి సేటు కారు కడగమంటే, కడిగి ఊరుకోక దాని మీది గీతలన్నీ సేటుకు చూపించాడు. సేటు నవ్వి, పాలిష్ షాపు నడిపే బావమరిది దగ్గరికి పంపాడు. అలా బట్టను వదిలి కారును పట్టుకున్నాడు.

అతనికి ఒకటే నియమం. గీతను అరగదీసి పోగొట్టాలి, దాచకూడదు. దాచే నూనె పాలిష్ ఒకటుంది. రాస్తే గీతల్లో నిండి కారు అద్దంలా మెరుస్తుంది, రెండుసార్లు కడిగితే కారిపోతుంది, కస్టమర్ మళ్ళీ వస్తాడు. ఆ నూనె వాడేవాళ్ళను సోమలింగం దొంగలనే అనేవాడు, వాళ్ళ మొహం మీదే.

రెండువేల ఇరవై మే నెలలో, లాక్‌డౌన్‌కి మగ్గాలు ఆగిపోయి, అతని గదిలోని ఐదుగురూ రైలెక్కారు. వాళ్ళలో గంగారాం ఇతని చెయ్యి పట్టి లాగాడు.

"రారా లింగన్నా, ఒక్కనివి ఈడ ఏం జేస్తవ్?"

"ఆడ మాత్రం నాకోసం ఎవలున్నర్రా?" అన్నాడు సోమలింగం. భార్య జమున పోయి తొమ్మిదేళ్ళయింది. పిల్లల్లేరు. రెండు నెలల్లో వీళ్ళే తిరిగొస్తారనుకున్నాడు. ఎవరూ రాలేదు. గంగారాం మొదట్లో రోజూ ఫోన్ చేసేవాడు, తర్వాత వారానికోసారి, తర్వాత పండక్కి.

పగలంతా పాలిష్ మెషీన్ చప్పుడు, కస్టమర్లతో నాలుగు హిందీ ముక్కలు. ఒక సాయంత్రం పచ్చిపులుసు కలుపుకుని నోట్లో పెట్టుకుని "ఉప్పు తక్కువైంది" అని పైకే అన్నాడు. ఖాళీ గదిలో తన గొంతు తనకే కొత్తగా వినిపించి సిగ్గుపడ్డాడు. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాడు కూడా.

మరుసటి ఏడు జులైలో ఆల్థాన్‌లోని ఒక అపార్ట్‌మెంటుకు రమ్మని షాపుకు కబురొచ్చింది. కింద పార్కింగ్‌లో నల్ల కారు. టార్చి వేసి చూడగానే సోమలింగానికి తిక్క రేగింది. "నీ చేతులిరగ! ఎవల్రా గిట్ల రుద్ది సంపింది?" అని తెలుగులోనే తిట్టాడు. సూరత్‌లో ఎవరికి అర్థమవుతుందిలే అని.

"చేతులు విరగడమెందుకులే నాయనా, మనిషే పోయాడు" అంది వెనకనుంచి ఒక ఆడగొంతు.

ఆవిడ ఉషాదేవి, కాకినాడ మనిషి. భర్త రామమోహన్ ఒక మిల్లులో రంగుల మాస్టరు, ఏప్రిల్లో కరోనాతో పోయాడు. బయటికి వెళ్ళొచ్చినప్పుడల్లా భయంతో కారంతా శానిటైజర్ కొట్టి, పొడి తువ్వాలుతో తుడిచేవాడట. సోమలింగం తల దించుకున్నాడు.

"తప్పయింది, మాఫ్ చెయ్యుండ్రి అమ్మా."

"పోన్లే. మూడు నెలలకి తెలుగులో తిట్టు విన్నాను. నువ్వు మాత్రం ఎవరు చూసినా కొత్తదనుకునేట్టు చెయ్యి."

ఎవరు చూడాలో అతను అడగలేదు. రెండు రోజుల పని. ఐదు రోజులు చేశాడు.

ఆవిడ మాస్కు పెట్టుకుని, దూరంగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేది. అతను మెషీన్ నడిపినదానికంటే ఆపినది ఎక్కువ. పచ్చిపులుసు దగ్గర ఇద్దరికీ పెద్ద తగాదా వచ్చింది. "మరిగించకుండా అదేం పులుసయ్యా?" అని ఆవిడ, "మరిగిస్తె అది పచ్చిదెట్లయితదమ్మా?" అని ఇతను. ఎన్నాళ్ళకో గట్టిగా నవ్వాడు.

ఐదో రోజుకి ఎడమ వైపు వెనక డోరు ఒక్కటే మిగిలింది. అది కూడా అయిపోతే మళ్ళీ ఆ గది, ఆ మెషీన్. ఆవిడ నీళ్ళు తేవడానికి పైకి వెళ్ళింది. సోమలింగం సంచి అడుగు నుంచి, ఎవరో సేల్స్ కుర్రాడు అంటగట్టిన సీసా తీశాడు. సీలు విప్పి, జీవితంలో మొదటిసారి ఆ నూనె రాశాడు. డోరు మెరిసింది. రెండుసార్లు కడిగితే గీతలు తేలతాయి, ఆవిడ ఫోన్ చేస్తుంది, తను మళ్ళీ వస్తాడు.

"ఏమన్న తేడా ఉంటె ఫోన్ చెయ్యుండ్రి" అన్నాడు, మొహం చూడకుండా.

"చేస్తాలే" అంది ఆవిడ.

ఇరవై రోజులు ఎదురుచూశాడు. ఫోన్ రాలేదు. మొదట్లో బెంగ ఉండేది, తర్వాత సిగ్గు మొదలైంది. చివరికి తనే వెళ్ళాడు. మేడమ్ ఇల్లు ఖాళీ చేసి ఊరెళ్ళిపోయిందని, కారు బార్డోలీ ఆయనెవరో కొనుక్కున్నాడని వాచ్‌మన్ చెప్పాడు. సోమలింగం ఆ ఖాళీ పార్కింగ్‌లోనే కాసేపు కూలబడ్డాడు. తన చేతి మీదుగా జరిగిన ఒకే ఒక్క దొంగపని ఊరు దాటిపోయింది. దాన్ని చేయించిన ఆశ కూడా పోయింది.

ఆ ఆదివారం వాచ్‌మన్‌ని అడిగి రాయించుకున్న అడ్రసుతో, మెషీన్ ఒళ్ళో పెట్టుకుని బార్డోలీ బస్సెక్కాడు. కారు కొన్నాయన చక్కెర మిల్లు గుమాస్తా. "నాకేం గీతలు కనిపించడం లేదే, ఒక్క డోరు కోసం ఇంత దూరం వచ్చావా?" అని హిందీలో ఆశ్చర్యపోయాడు. మెషీన్ ప్లగ్గు ఎక్కడ పెట్టాలని అడిగాడు సోమలింగం. డోరు మీది నూనె అప్పటికే కారిపోయి ఉంది. మూడు గంటలు కూర్చుని, గీత లేకుండా తీశాడు. డబ్బు ముట్టలేదు.

బస్‌స్టాండ్‌కి వచ్చి ఉషాదేవికి ఫోన్ చేశాడు.

"అమ్మా, సూరత్ సోమలింగాన్ని. ఒక డోరు ఖరాబు చేసిన. ఇయ్యాల మంచిగ జేసిన."

"ఎడమ వైపు వెనకదేనా?"

"మీకెట్ల ఎరుకమ్మా?"

"కారు ఇచ్చే ముందు నేనే రెండుసార్లు కడిగానయ్యా. మా ఆయన గీతలు నాకు తెలియవా?"

"మరి ఫోన్ చెయ్యలే?"

"చేస్తే వస్తావు. వస్తే ఇంకో నాలుగు రోజులు కూర్చుందామనిపిస్తుంది. టికెట్ అప్పటికే తీసేసుకున్నాను" అంది. "ఇక్కడ మా చెల్లెలింట్లో నీ పచ్చిపులుసు చేశాను, మరిగించకుండానే. ఎవరూ ముట్టుకోలేదు. నేనొక్కదాన్నే కలుపుకు తిన్నాను."

"ఎట్లుందమ్మా?"

"ఉప్పు తక్కువైంది."

సూరత్ బస్సొచ్చి ఆగింది. అందులో చప్పుడుకి ఆవిడ మాట వినపడదని సోమలింగం ఎక్కలేదు.