ఎర్ర వృత్తం గీసింది నేనే

ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెబుతున్నాను. హిందూపురం మాసపత్రిక ముఖచిత్రం మీద ఉన్న ఎర్ర వృత్తం గీసింది నేనే.

మొన్న ఆ పత్రికవాళ్లు హిందూపురంలో తమ పాత ముఖచిత్రాలతో ప్రదర్శన పెట్టారు. పెనుకొండ నుంచి బస్సెక్కి వెళ్లాను. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా, మనిషెత్తున నేను గీసిన బొమ్మ. తెల్లటి కాగితం, కింది మూలన ఎర్ర వృత్తం, దాన్ని కోస్తూ ఏటవాలుగా నల్ల పట్టీ. పక్కన చీటీ: ‘గీసినవారు తెలియదు.’

మా నాయన ధర్మవరంలో పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసేవాడు. గళ్ల కాగితం మీద ఒక్కో గడీ నింపుకుంటూ పోవాలి. అందుకే మా చేతిలో గుండ్రమంటే మెట్లు మెట్లుగా తిరిగే గుండ్రమే. నేనూ ఆ పనే నేర్చుకున్నాను. ఆ రోజుల్లో హిందూపురం చింతపండు అంగడిలో పొట్లాలు కట్టే కాగితాల మధ్య విదేశీ పత్రికల పాత అట్టలు దొరికాయి. వాటి మీద దేవుడు లేడు, సినిమా తార లేదు. ఒక వృత్తం, ఒక గీత, నిలువునా పేర్చిన అక్షరాలు, మిగతాదంతా ఖాళీ. నాకు ఆ ఖాళీ నచ్చింది. చీర నడుమ సాదాగా వదిలితేనే కదా అంచు కనిపించేది!

నాయన గళ్ల కాగితం మీదే ముఖచిత్రం గీసి ఆ పత్రికాఫీసుకు పట్టుకెళ్లాను. సంపాదకుడు అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏమప్పా, ఇంత జాగా ఊరికే పెట్టినావు? బీడు మాదిరి ఉండాది. ఆడ ఒక ఆవును కట్టేద్దామా?”

“వద్దు సార్. అది ఖాళీగానే ఉండాల.”

“గుండ్రం గూడా సరిగా రాలేదే! ఎలక కొరికినట్టుండాది.”

“ఎలక కాదు సార్, మగ్గం.”

అచ్చయ్యేదాకా ప్రెస్సులోంచి కదల్లేదు. ఆవు రాలేదు. నా పేరూ రాలేదు. అడిగితే ఆయన నవ్వాడు.

“ధర్మవరమోడివి, నీకు తెలీదా? చీర అంచు మీద గీసినోడి పేరు ఏస్తారా యాడైనా?”

ప్రెస్సులో అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. మా నాయన పేరు ఏ అంచు మీదా లేదు, నిజమే. కానీ ఏ చీర కొట్టువాడూ ‘గీసినవారు తెలియదు’ అని చీటీ పెట్టలేదు. ధర్మవరంలో ఏ వీధిలో అడిగినా ఆయన ఇల్లు చూపించేవాళ్లు.

ఆ సంపాదకుడు పోయాడు. ఇప్పుడున్న కుర్ర సంపాదకుడికి ఇదంతా చెప్పాను.

“పెద్దాయనా, ఇట్లా చెప్పేటోళ్లు శానామంది వస్తాండారు. ఆధారమేముండాది?”

అక్కడే గళ్లు గీసి, మెట్లు మెట్లుగా ఆ వృత్తం దించి చూపించాను. గోడ మీది బొమ్మ పక్కన పెట్టి చూసుకున్నాడు. మెట్టుకు మెట్టు, రెండింటికీ తేడా లేదు.

“సరేలే, చూస్తాము,” అన్నాడు.

మళ్లీ వెళ్లాను. చీటీ మారలేదు. పైగా నా ఖాళీలో ఒక నగల అంగడి ప్రకటన అతికించారు. ఇన్నేళ్లకు ఆవును కట్టేశారు.

ఆ ప్రకటన పీకేయండి. చీటీ మార్చండి. మార్చకపోతే, ‘తెలియదు’ అని రాసినవాళ్లెవరో పెనుకొండకు రండి. ఎవరిని అడిగినా నా ఇల్లు చూపిస్తారు. నా ఎదురుగా కూర్చుని, ఎవరికి తెలియదో జవాబు చెప్పండి.