రెండోసారి గీకకూడని చోటు

మైదానంలో ఆడుకునేవాళ్ళంతా మా ఆయన్ని బ్లాడర్ బాబాయ్ అనేవాళ్ళు. బంతులు బాగుచేయడం ఆయన పని. మెట్ల కింద కొట్టు. ఒక మనిషి కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే రెండో మనిషి బయట నిలబడాల్సిందే. గోడ నిండా మేకులు, మేకులకు గాలి పోయిన బంతులు. కొట్టంతా రబ్బరు సొల్యూషన్ వాసన. ఆ వాసన ఆయన చొక్కాలకు పట్టేసింది, అందుకే ఇప్పటికీ ఆయన బట్టల బీరువా తెరవడానికి నాకు చెయ్యి రాదు.

బంతి కుట్టు ఊడదీసి, లోపలి బ్లాడర్ బయటికి లాగి, నోటితో ఊది, చెంపకు దగ్గరగా పెట్టుకుని తిప్పేవారు. గాలి ఎక్కడ పోతోందో చెంపకు తెలుస్తుందట. చిల్లు దొరికాక ఆ చోటును గరుకు కాగితంతో గీకి, సొల్యూషన్ రాసి, అతుకు వేసేవారు. అదే చోట మళ్ళీ చిల్లు పడిందని ఎవరైనా తెస్తే మాత్రం ముట్టుకునేవారు కాదు.

“ఒకసారి గీకిన చోట మళ్ళీ గీకితే రబ్బరు ఉల్లిపొర అయిపోతుంది. ఇక గాలి ఆపదు. కొత్తది వేయించుకో,” అనేవారు.

“కొత్తది అమ్ముకోవాలనేగా ఈ వేషాలు?” అనేవాడు బంతి తెచ్చినవాడు.

“అవును, మేడ కడుతున్నాను, కనబడట్లేదూ,” అని నెత్తిమీది మెట్లు చూపించేవారు.

ఆ బ్లాడర్ అనే మాట గురించి చెప్పడమంటే ఆయనకు మహా సరదా. పని నేర్పిన పెద్దాయన చెప్పారట. ఇంగ్లీషులో అది మొదట బంతి లోపలి సంచి పేరు కాదు, ఒంట్లో ఉచ్చ నిలవుండే తిత్తి పేరు. ఇంకా వెనక్కి పోతే, ఊదితే ఉబ్బేది అని అర్థం. రబ్బరు లేని కాలంలో, కోసిన పశువు తిత్తిని కడిగి, ఊది, మూతి కట్టి, చుట్టూ తోలు కుట్టి ఆడుకునేవారు. రబ్బరు వచ్చాక తిత్తి పోయింది గానీ పేరు పోలేదు.

“మనకూ ఉందిగా మాట. ఉచ్చతిత్తి, ఊపిరితిత్తి, కొలిమితిత్తి. నిండాలి, ఖాళీ కావాలి, అంతే. దేవుడూ నేనూ ఒకటే సరుకు చేస్తున్నాం,” అనేవారు.

“అన్నం దగ్గర ఈ కథలేంటండీ,” అని నేను విసుక్కునేదాన్ని.

తర్వాత ఆయనకు మూత్రంలో రక్తం పడింది. తిత్తి లోపల చిన్న కంతి ఉందన్నారు. మూత్రం వచ్చే దారినే గొట్టం పంపి గీకేశారు. ఒకసారి గీకడం ఆయన పద్ధతిలోనూ ఉన్నదే కాబట్టి గొడవ చేయలేదు. పక్క మంచాలవాళ్ళకు కూడా ఆ పేరు కథ చెప్పి నవ్వించారు. కొన్ని నెలలయ్యాక పరీక్షకు వెళితే, మళ్ళీ మొలిచిందన్నారు.

“కంగారు పడకండి బాబాయ్ గారూ, ఇది తిరగబెట్టే రకమే. ఇంకా పైపైనే ఉంది. మళ్ళీ గీకేద్దాం,” అంది డాక్టరమ్మ.

“అదే చోటా?”

“అదే చోట.”

ఆయన లేచి చెప్పులు వేసుకున్నారు.

మా మరిది ఆయన దగ్గరే బంతులు కుట్టేవాడు. ఇంటికొచ్చి అతనూ పోట్లాడాడు.

“అన్నా, అది వైద్యం. మన కొట్టు కాదు.”

“పేరే ఒకటిరా. ఆ సరుకు సంగతి నాకు చెప్పకు. రెండోసారి గీకితే పగులుతుంది.”

“ఆవిడ అంత చదువుకుంది కదండీ,” అన్నాను.

“చదువుకుంది. బ్లాడర్ చేత్తో పట్టుకుని ఎన్నాళ్ళు కూర్చుంది?”

ఏడ్చాను, అన్నం మానేశాను, అలిగాను. అవన్నీ బతిమాలడమే గానీ ఆయన అన్నదానికి సమాధానం కాదు. భయపడి ఉంటే ధైర్యం చెప్పేదాన్ని. ఆయనది భయం కాదు, అనుభవం.

ఈలోగా కంతి తిత్తి గోడ లోపలికి దిగిపోయింది. చివరికి ఆయనే “పద, చూపిద్దాం” అన్నప్పుడు, డాక్టరమ్మ స్కానింగ్ ఫిల్మును వెలుతురుకు పట్టుకుని చూసి, మళ్ళీ కవర్లో పెట్టి నా చేతికిచ్చింది. తిట్టినా బాగుండేది.

ఆయన పోయాక కొట్టు మరిది చూసుకుంటున్నాడు. మొన్న అతనికి క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళాను. కుట్టు బిగిస్తుంటే లావు సూది జారి అరచేతిలో దిగింది. రక్తం చొక్కాకు తుడుచుకుని మళ్ళీ దారం లాగుతున్నాడు.

“కాస్త గుడ్డ చుట్టుకోవయ్యా.”

“దీనికి గుడ్డేంటి వదినా, ఎల్లుండికి మానిపోతుంది. ఇక్కడ చూడు, ఒకే చోట ఎన్నిసార్లు దిగిందో,” అని చెయ్యి చాపాడు.

పట్టుకుని చూశాను. అంతా పూడిపోయి, గట్టి చర్మం వచ్చింది. మా ఆయన చేతులూ అంతే. వాటికి నూనె రాసింది నేనే. రబ్బరు మానదండీ, ఒళ్ళు మానుతుంది, కావాలంటే మీ చెయ్యి చూసుకోండి అని ఆ రోజు అంటే సరిపోయేది. పట్టుకుని చూడగలిగిన సంగతి ఏదైనా ఆయన కాదనేవారు కాదు. డాక్టరమ్మకు మా కొట్టు తెలియదు. ఆ చెయ్యి మాత్రం రోజూ నా చేతిలోనే ఉండేది.

“ఏంటి వదినా, చెయ్యి వదలవేం?”

“ఏం లేదు. చల్లారిపోతోంది, తిను.”

అతనికి చెప్పలేదు. అన్నతో పోట్లాడినవాళ్ళలో అతనూ ఒకడు. అతని అరచేతులు కూడా అప్పుడు అక్కడే ఉన్నాయి. ఈ మాట ఒక్కసారి వింటే ఇక ప్రతి కుట్టు దగ్గరా అతనికి ఇదే గుర్తొస్తుంది.