దేవుడితో మాటల్లేని పెద్దమ్మ

ఆసుపత్రి లాండ్రీలో ఆ సాయంత్రం దుప్పటికి ఒక కొస పెద్దమ్మ పట్టుకుంది, రెండో కొస ఆమె పెంచిన చెల్లెలి కూతురు పొట్టి పట్టుకుంది. “గట్టిగా పట్టుకోవే” అంటూనే పెద్దమ్మ ఒక్క గుంజు గుంజింది. పొట్టి తడి గచ్చు మీద జర్రున జారుతూ వెళ్లి ఆమె పొట్టకు గుద్దుకుంది. ఇద్దరూ దుప్పట్లో చుట్టుకుని కిందపడి, లేవలేక నవ్వారు.

“ఒకతెకి అరవై దాటాయి, ఇంకొకతె బళ్లో పాఠాలు చెబుతుంది. ఎవర్ని చూసి సిగ్గుపడాలో నాకే తెలియట్లేదు,” అని ఇస్త్రీ మావయ్య పెట్టె పక్కన పెట్టి మరీ నవ్వాడు. పెద్దమ్మతో పాటే అక్కడ పనిలో చేరినవాడు.

పెద్దమ్మ కళ్లు తుడుచుకుని, “రాత్రికి ఆయనతో మాట్లాడతావుగా? చివరి మంచం పిల్లాడికి ఒళ్లంతా కాలింది. వాడేం తప్పు చేశాడో అడుగు,” అంది.

పెద్దమ్మకు దేవుడితో మాటల్లేవు. లేడని కాదు. లేడంటే గొడవే ఉండేది కాదు. ఆస్తి తగాదాలో విడిపోయి ఎదురింట్లోనే కాపురముంటున్న దాయాదిలాగా, ఆయన ఉన్నాడు. పిల్లల వార్డు దుప్పట్లు ఉతికిన రోజల్లా ఆయన్ని నిలదీసేది, పొట్టి చేత.

“నిన్నటిది అడిగావా?”

“అడిగాను.”

“ఏమన్నాడు?”

ఏమీ అనలేదు. పొట్టి రాత్రి కళ్లు మూసుకుని అడిగితే చప్పుడు లేదు. అసలు అవతల ఎవరైనా ఉన్నారా అని అనుమానం కూడా వచ్చింది. పైకి మాత్రం బింకంగా, “పనిలో ఉన్నాడట,” అంది.

“ఎప్పుడూ అంతే. ఆ పనేదో ఆ మంచం దగ్గరికొచ్చి చెయ్యమను.”

పొట్టి బెంగంతా ఒక్కటే. పెద్దమ్మ ఇలా ముఖం తిప్పుకునే పోతే, పైన ఎవరింట్లో దిగుతుంది? అందుకే ఏళ్ల తరబడి రాయబారాలు నడిపింది. ఆ రోజూ వదల్లేదు.

“పెదనాన్న పోయి ఎన్నేళ్లయింది పెద్దమ్మా, ఇంకా ఆ కోపమేనా! నువ్వే ఓ మెట్టు దిగొచ్చుగా?”

“నేనా? ముందు ఆయన్ని రమ్మను. వస్తే కుర్చీ వేస్తా. మాట్లాడను.”

ఇస్త్రీ మావయ్యకు నవ్వి నవ్వి ఎక్కిళ్లొచ్చాయి. పెద్దమ్మ అతని వీపు చరిచి, చెప్పులు తొడుక్కుని ఇంటికెళ్లి, తిని పడుకుంది. తెల్లారి లేవలేదు.

కొన్నాళ్లకు పెద్దమ్మ సంచి తీసుకెళ్లడానికి పొట్టి లాండ్రీకి వచ్చింది.

“ఓడిపోయాను మావయ్యా. పెదనాన్న పోయిన కోపం కడదాకా వదల్లేదు.”

“ఎవరు చెప్పారు నీకు? మీ పెదనాన్న పోయినప్పుడు కూడా రోజూ దండం పెట్టుకునేది.”

“మరి?”

“మానేసింది మీ అమ్మ పోయిన రోజమ్మా. నువ్వు ఇంతున్నావు. ఇదిగో, ఈ మాసిన బట్టల బుట్టలో దూరావు. ఎంత బతిమాలినా బయటికి రావు. ‘నేను దేవుడితో కటీఫ్. నువ్వు కూడా మాట్లాడనని ఒట్టు పెట్టు, అప్పుడొస్తా’ అన్నావు. పెట్టింది.”

పొట్టికి ఆ బుట్ట గుర్తు లేదు, ఆ ఒట్టూ గుర్తు లేదు.

“మర్నాడు పొద్దున్నే నువ్వు మామూలుగా దండం పెట్టుకుంటుంటే, పక్కనే నిలబడి చూసిందట. ఒట్టు సంగతి నీకు గుర్తు చెయ్యలేదు.”