‘ఆమెన్’ కోసేసిన సినిమా

ఆ రోజుల్లో అంటే మరీ తాతలనాటి మాటేమీ కాదు లెండి. చేతిలో ఫోనూ, ఇంట్లో ఓ పాత లాప్‌టాపూ ఉన్న ప్రతి కుర్రాడూ తనలో మహా దర్శకుడున్నాడని నమ్మేసే రోజులు. నేనూ నమ్మాను. కాకపోతే మా నాన్న సినిమా హాలు గడప తొక్కని మనిషి. పోర్టులో క్రేన్ నడిపినన్నాళ్ళూ, దారిలో సినిమా పోస్టరు ఎదురైతే తల తిప్పుకుని నడిచాడు. ఆయన దృష్టిలో పాపాలు రెండు రకాలు: మామూలు పాపాలు, సినిమాలు. అలాంటి ఇంట్లో నేను సినిమాలు తీస్తానంటే ఏమవుతుంది? కొన్నాళ్ళపాటు నాతో మాట్లాడ్డం మానేశాడు. చివరికి మా మందిరం పాస్టరు అయ్యగారు మధ్యలో పడి, క్రిస్మస్‌కి మల్కాపురంలో మా వీధిలోనే వేసేలా ఒక చిన్న భక్తి సినిమా తియ్యమని నాకు అప్పజెప్పారు. నాన్న ఒకటే షరతు పెట్టాడు. “తియ్యి. విశ్వాసులకీ నచ్చాల, బయటోళ్ళకీ నచ్చాల. నచ్చనేదంటే ఆ లేప్‌టాప్ మూసీసి, నాను సెప్పినట్టు పోర్టులో పనికి సేరిపో.”

కథ బైబిల్లోది, విశ్వాసులందరికీ తెలిసిందే. తండ్రితో గొడవపడి కొడుకు ఇల్లు విడిచిపోతాడు, తండ్రి వాడికోసం ఎదురుచూస్తాడు. దాన్ని మా పోర్టు వీధికి తెచ్చాను, అంతే. తండ్రి వేషం వేసింది మా సంఘ పెద్ద, స్తోత్రం తాతయ్య. (ప్రతి మాట చివరా స్తోత్రం చెప్పడం ఆయన అలవాటు. “టీలో పంచదార తక్కువైంది, స్తోత్రం” అనగా నేనే విన్నాను.) కొడుకు వేషం పక్క వాటాలో అద్దెకుండే మా బావది. బావ అంటే చుట్టరికం కాదు, పిలుపు. విజయనగరం వైపు రైతు కుటుంబం వాడు, స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు పని, ఏటా సింహాచలం గిరిప్రదక్షిణ తప్పడు. మీసం తియ్యనన్న షరతు మీద మా సినిమాలో చేశాడు.

నా ప్రాణానికి వీళ్ళిద్దరూ చెరో వైపూ తయారయ్యారు. “బైబిలు వాక్యం నేని సినిమా ఏటి సినిమా బాబూ, స్తోత్రం! సీనుకొక్కటైనా ఉండాల” అని తాతయ్య. “బావా, నా మాటిను. ఆకర్లో ప్రార్థన సాగదీసినావంటే మావోళ్ళు మీటింగనుకుంటారు. ఆమెన్ ఇనపడిందా, అయిపోనాదనీసి సాపలు సుట్టీసి ఎల్లిపోతారు” అని బావ. వాక్యాలు పెడితే చాపల మీద కూర్చునే వీధివాళ్ళు పోతారు, తీసేస్తే కుర్చీల్లో కూర్చునే సంఘంవాళ్ళు పోతారు. ఎవరు పోయినా నేను పోర్టుకి పోతాను. చివరికి మధ్యేమార్గం కనిపెట్టాననుకున్నాను. తండ్రి ప్రార్థన ఉంచి, చివర్లో ఆమెన్ ఒక్కటీ కోసేశాను. ఆ వెంటనే కొడుకు గేటు తీసుకుని రావడం, తండ్రి పరుగెత్తడం, దూరంగా ఓడ కూత. మాటల్లేవు. ఆ నిశ్శబ్దం చూసుకుని నాలో నేనే ఎంత మురిసిపోయానో చెప్పలేను.

ఆ సాయంత్రం పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చిన తెల్లగుడ్డని రెండు కరెంటు స్తంభాల మధ్య కట్టాం. ఒక పక్క కుర్చీల్లో సంఘం, ఇంకో పక్క చాపల మీద వీధి జనం. రోజూ మా వీధికి చేపలు తెచ్చే యారాడ పిన్ని కూడా ఇంటికి పోకుండా ఖాళీ గంప పక్కన పెట్టుకుని కూర్చుంది. నేను సినిమా చూడలేదు, మొహాలే చూశాను. ఒకాయన లేస్తే నా గుండె ఆగింది. (ఆయన బఠాణీలు కొనుక్కుని మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఆ బఠాణీలవాడికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.) చాపలు చుట్టలేదు, కుర్చీలు కదల్లేదు. గట్టెక్కానేమో అనుకుంటుండగా తెరమీద తాతయ్య మోకాళ్ళూని, “ప్రభువా, నా బిడ్డ…” అని ప్రార్థన మొదలుపెట్టాడు.

అంతే, కుర్చీల వైపు తలలన్నీ ఒక్కసారిగా వంగిపోయాయి. ఆడవాళ్ళు కొంగులు తలమీదికి లాక్కున్నారు. ఎవరు ప్రార్థన చేస్తున్నా కళ్ళు మూసుకోవడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. తాతయ్య అయితే తెరమీది తన ప్రార్థనకి తానే కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ కళ్ళు తెరిచేది ఎప్పుడంటే, ఆమెన్ విన్నాక. ఆ ఆమెన్‌ని నేను కోసి పారేశాను!

తెరమీద గేటు తెరుచుకుంది. చిరిగిన చొక్కాతో బావ. చాపల వైపు ఎవరో వెక్కారు. కుర్చీల వైపు ఒక్క తలా లేవలేదు. నేనే ఆమెన్ అని అరుద్దామని ముందుకి చూశాను. ముందు వరసలో నాన్న తల అందరికంటే కిందికి వంగి ఉంది. ఎవరు చూడాలని ఈ సినిమా తీశానో ఆయనే చూడటంలేదు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు యారాడ పిన్ని లేచింది. “ఓలమ్మో! పిల్లడొచ్చీసినాడర్రా! కళ్ళు తెరండి! నిద్దరోతన్నారేటి మీరంతా?”

ఎవరో గబగబా ఆమెన్ అన్నారు. కళ్ళు తెరిచేసరికి తెరమీద ‘సమాప్తం’. “అయిపోనాదేటి? నాను పరిగెట్టిన సీనేదీ, స్తోత్రం?” అని తాతయ్య లబలబలాడాడు. రేపట్నుంచి పోర్టే అని నేను ఖాయం చేసుకున్నాను. కానీ కుర్చీలవాళ్ళు చాపలవైపు తిరిగి “వొచ్చినాడేటి? ముసలాయన ఏటన్నాడు?” అని అడగడం మొదలైంది. పిన్ని కొంగు బిగించి, తండ్రి ఎలా పరుగెత్తాడో పరుగెత్తి చూపించింది. “సెప్పు జారిపోనా సూసుకోలేదమ్మా! ఒక్క తిట్టు తిట్నేదు, అలా వాటేసుకున్నాడు!” అని కళ్ళు తుడుచుకుంది. సండే స్కూల్ నుంచీ విన్న కథని, గంగమ్మకి మొక్కే మనిషి నోట, మా సంఘమంతా కొత్తగా నోరు తెరుచుకుని విన్నది.

ఇల్లు చేరేదాకా నేను నాన్న వెనకే, లాప్‌టాప్‌ని చంటిపిల్లలా పట్టుకుని నడిచాను. గేటు దగ్గర ఆగాడు.

“నాను సూసినాన్రా.”

“ఏటి నాన్నా?”

“ప్రార్థన మజ్జిలో కళ్ళు తెరిసీసినాను. ఆడొత్తాడో రాడో అనీసి ఉండబట్టనేదు. దేవుడేటనుకున్నాడో.” నా మొహం చూడకుండా గేటు తీసి, నేను లోపలికి వెళ్ళేదాకా పట్టుకుని నిలబడ్డాడు. పోర్టు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు రుషికొండ దగ్గర చిన్న ఎడిటింగు గదిలో నాలుగు రకాల సినిమాలూ కోసుకుంటూ బతుకుతున్నాను. ఇది మనవాళ్ళకి నచ్చుతుందా, వాళ్ళకి నచ్చుతుందా అని ఎవరైనా కంగారుపడితే, ఆ రోజు జనం మొహాలు చూస్తూ నిలబడ్డ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది, వాడి భుజం తట్టాలనీ అనిపిస్తుంది. నాన్న మాత్రం మారలేదు, సినిమా ఇప్పటికీ పాపమే. కాకపోతే నాది ఏదైనా వేస్తున్నారంటే ముందు వరసలో కూర్చుని, “మజ్జిలో ప్రార్థనుందేటి?” అని అడుగుతాడు. ఉందంటే, కళ్ళజోడు తీసి శుభ్రంగా తుడుచుకుంటాడు.