మొగ దగ్గర ముప్పై ఒక్క గూళ్లు

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇరవై రెండేళ్లుగా అతనిదే కాపలా. అందరూ పిట్టల బాబాయ్ అంటారు. జీతం ఇచ్చేది అటవీ ఆఫీసే అయినా, అతని దృష్టిలో యజమానులు మాత్రం ఇసుకమేట మీద గుడ్లు పెట్టే తెల్ల పిట్టలే. వాటి తెలివికి దండం పెట్టాలి! గూడంటే ఇసుకలో చిన్న గుంట, అంతే. గుడ్డుదీ ఇసుక రంగే. కాలు పడేదాకా కనబడి చావదు.

పిల్లల్లేరా అని ఎవరైనా అడిగితే, "ఎందుకు లేరూ? ఏటా రెక్కలొచ్చి ఎగిరిపోతుంటే!" అనేది అతని భార్య. మూడేళ్లుగా పిట్టలు రాకపోయేసరికి ఆవిడ ఆ మాటే మానేసింది. ఈ ఏడు వచ్చాయి. ముప్పై ఒక్క గూళ్లు. ఈసారీ చెడితే ఇక ఈ వైపు కన్నెత్తి చూడవని అతనికి తెలుసు.

ఎప్పుడూ గూటి పక్కన సున్నం కొట్టిన పుల్ల గుచ్చేవాడు. ఈసారి దూరం నుంచే కనబడాలని, భార్య పాత ఎర్రచీర చింపి ప్రతి పుల్లకీ కట్టాడు. ఎందుకయ్యా అంత శ్రద్ధ, పాపిష్టి శ్రద్ధ!

ఆ ఉదయం మొదటి పిల్ల గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చింది. ఆ కబురు భార్యకు చెప్పకుండా ఉండగలడా? ఇంటికి పరుగెత్తాడు.

"ఎలాగూ వచ్చావు, రెండు ముద్దలు తినిపో," అందావిడ. కూర్చున్నాడు.

మొగకు అడ్డంగా పేరుకున్న ఇసుక పూడికను పిల్లలు ఎగిరాకే తీస్తామని కాలవల ఇంజనీరు మాటిచ్చి ఉన్నాడు. అది నీటి మీద రాతే అయింది. అతను తిరిగొచ్చేసరికి మేట మధ్యలో కాలవ, అందులో పరుగెత్తే ఏటి నీరు. తవ్వే యంత్రం పక్కన ఆగి ఉంది. కొత్త డ్రైవరు నవ్వుతూ దిగాడు. పూడిక పనిలో తవ్వాల్సిన చోట ఎర్రగుడ్డ కట్టడం వాళ్ల అలవాటు. పాపం, ఆ డ్రైవరుకు తెలిసింది అదే.

"మీరు కట్టిన గుర్తులు భలే కనబడ్డాయి బాబాయ్. ఒక్కటీ వదల్లేదు."

ఆ కుర్రవాణ్ణి ఏమని తిట్టాలి? గుండె చెరువైపోయింది.

పిట్టలు అరుస్తూ పైన తిరుగుతున్నాయి. అతను కాలవ గట్టు మీదికి రాగానే ఒకటి దూసుకొచ్చి నెత్తిన పొడిచింది. వెనకే ఇంకొకటి. పారిపొమ్మని డ్రైవరు కేకేశాడు. అతను కదల్లేదు. తలగుడ్డ విప్పి కింద పడేశాడు.

"పొడవండమ్మా," అన్నాడు ఏడుస్తూ. "కట్టింది నేనే."